మంచి బీరే, కానీ తప్పు గడిలో పడింది

"తాగిన ప్రతివాళ్ళూ మెచ్చుకున్న బీరండీ. దానికి 28 మార్కులేంటి?"

పోటీ ఫలితాలు బయటికొచ్చాక నాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగే మనిషి గొంతులో కోపం కన్నా చిన్నబుచ్చుకోవడమే ఎక్కువ వినిపిస్తుంది. ఆ బీరు నేను ముట్టుకుని ఉండకపోవచ్చు. అయినా జడ్జీల బల్ల దగ్గర కూర్చునే మనిషిని కాబట్టి సంజాయిషీ నా మీద పడుతుంది. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పుకొచ్చే ఓపిక అయిపోయి ఇక్కడ రాస్తున్నాను. ఇకమీద ఎవరైనా అడిగితే ఇది చదవమంటాను.

ముందు ఆ 28 సంగతి. ఇంట్లో బీరు చేసేవాళ్ళ పోటీల్లో ఎక్కువగా వాడేది బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాళ్ళ షీటు. అందరం బీజేసీపీ అంటాం. అందులో మొత్తం 50 మార్కులు. బడి లెక్కలో 28 అంటే అత్తెసరు పాసులా కనిపిస్తుంది కానీ, ఈ షీటులో 21 నుంచి 29 వరకూ ఉన్న వరుస పేరు 'బాగుంది'. 30 నుంచి 37 'చాలా బాగుంది'. 38 నుంచి పైకి వెళ్ళడం కష్టం. 45 దాటిన బీరు బల్ల మీదికొస్తే పక్క బల్లల వాళ్ళను కూడా పిలిచి రుచి చూపిస్తాం. కింద 13 దగ్గర ఆగిపోతాం. ఎంత ఘోరంగా ఉన్నా కష్టపడి పంపించిన మనిషికి అంతకన్నా తక్కువ వేయకపోవడం మర్యాద.

ఆ 'బాగుంది' వరుస పక్కన షీటు మీద ఒక వివరణ అచ్చేసి ఉంటుంది. చిన్న లోపాలున్నాయి, లేదా స్టైల్ (పంపినవాళ్ళు చెప్పిన బీరు రకం) విషయంలో గురి తప్పింది, లేదా రెండూ అని దాని సారాంశం. నన్ను అడిగేవాళ్ళలో చాలామంది బీరుకు జరిగింది ఆ రెండోదే. బీర్లో తప్పు లేదు. పంపిన గడి తప్పు, అంటే ఏ స్టైల్ కింద పోటీకి పెట్టారో అది.

మమ్మల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి "ఇది నీకు నచ్చిందా?" అని ఎవరూ అడగరు. "ఇది జర్మన్ పిల్స్ అని చెప్పి పంపారు, నిజంగా అదేనా, ఎంత చక్కటి జర్మన్ పిల్స్?" అని అడుగుతారు. నాకు నచ్చడం అనేదానికి షీటులో చోటు లేదని కాదు, చివర 'మొత్తం మీద అభిప్రాయం' అని 10 మార్కుల పెట్టె ఒకటుంది. మిగతా 40లో వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5. చూపుకు 3 మార్కులేనా అని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. నురుగు అందంగా నిలబడిందని పొంగిపోయి, అక్కడే అరగంట ఫోటోలు తీసేది మనమే మరి. ఆ నురుగు మొత్తం విలువ ఆ మూడింట్లో ఒక వాటా.

స్టైళ్ళ పద్ధతి మరీ పాతదేం కాదు. బీరు పాతది, ఊరూరా రకరకాల పేర్లతో ఉన్న బీర్లూ పాతవే. వాటిని కుటుంబాలుగా విడదీసి, ఇది ఈ జాతి, ఇది ఆ జాతి అని ఒక క్రమంలో చెప్పడానికి దారి వేసింది ఇంగ్లండుకు చెందిన మైకేల్ జాక్సన్, 1977లో అచ్చయిన పుస్తకంతో. (పాటల జాక్సన్ కాదు. గడ్డం ఉన్న, బీరు గురించి రాసే జాక్సన్.) బీజేసీపీ 1985లో మొదలైంది. వాళ్ళ గైడ్‌లైన్స్ 2004లో, 2008లో, 2015లో, 2021లో మారుతూ వచ్చాయి. ఇప్పుడు నా దగ్గరున్న 2021 ప్రతిలో బీరుకు 34 విభాగాలు, ఒక్కో విభాగంలో కొన్ని ఉపవిభాగాలు. ఒక్కో స్టైల్‌కు వాసన ఎలా ఉండాలి, రుచి ఎలా ఉండాలి అన్నదానితో పాటు చరిత్ర, వాడే సరుకులు, దగ్గరి స్టైళ్ళతో తేడా, కొన్ని అంకెలు, మార్కెట్లో దొరికే ఉదాహరణలు ఉంటాయి.

అంకెల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. అమెరికన్ పేల్ ఏల్ చూడండి. చేదు 30 నుంచి 50 ఐబీయూ (అది చేదు కొలత), ఆల్కహాలు 4.5 నుంచి 6.2 శాతం. అమెరికన్ ఐపీఏకి, అంటే ఇండియా పేల్ ఏల్‌కి, చేదు 40 నుంచి 70, ఆల్కహాలు 5.5 నుంచి 7.5. ఇప్పుడు మీ బీరు 45 ఐబీయూ, 5.8 శాతం అనుకోండి. రెండింట్లోనూ పడుతుంది. రంగూ అంతే, రంగు కొలతలో 6 నుంచి 10 ఎస్ఆర్ఎం మధ్య ఏదైనా రెంటికీ సరిపోతుంది. ఏ గడిలో పంపాలి?

కాగితం చూసి తేల్చుకోలేరు. గ్లాసులో పోసుకుని తాగి తేల్చుకోవాలి. చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వులు ముందుండి, తీపినిచ్చే మాల్ట్ (మొలకెత్తించిన గింజలు) వెనకాల తోడుగా నిలబడితే పేల్ ఏల్ అనిపించవచ్చు. మాల్ట్ పక్కకు తప్పుకుని హాప్స్‌కి పూర్తిగా దారి ఇచ్చేసి, చివర పొడిగా, చేదు గట్టిగా మిగిలితే ఐపీఏ. జడ్జి దగ్గర హైడ్రోమీటరు ఉండదు, ప్రయోగశాల ఉండదు. నాలుక మీద 45కీ 52కీ తేడా చెప్పగలనని ఎవరైనా అంటే నేను నవ్వి ఊరుకుంటాను. పైగా అదే 45 ఐబీయూ మాల్ట్ తీపి ఎక్కువున్న బీర్లో మెత్తగా, పల్చటి పొడి బీర్లో పదునుగా తగులుతుంది. అంకెలు రెసిపీ రాసుకునేవాళ్ళ కోసం. బల్ల మీద సమతూకం ఒక్కటే నడుస్తుంది.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఒకే వాసన ఒక గడిలో గుణం, పక్క గడిలో దోషం.

జర్మన్ వైస్‌బియర్‌లో అరటిపండు వాసన, లవంగం ఘాటు ఉండి తీరాలి. అరటిపండు వాసన ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ వల్ల, లవంగం 4-వినైల్ గ్వాయకాల్ వల్ల వస్తాయి. రెండూ ఆ ఈస్ట్ ఇచ్చేవే. అవి లేని వైస్‌బియర్‌కు నేను మార్కులు కోస్తాను. అదే గోధుమ, అదే లేత రంగు ఉన్న అమెరికన్ వీట్ బీర్‌లో ఆ రెండూ కనిపిస్తే అప్పుడూ కోస్తాను. బెర్లినర్ వైస్సెలో పులుపే ప్రాణం, కోల్ష్‌లో పులుపు తగిలితే సూక్ష్మజీవులు చేరాయన్న అనుమానం. హేజీ ఐపీఏ మసకగా ఉండొచ్చు, కోల్ష్ మాత్రం అద్దంలా తేటగా ఉండాలి. చెక్ ప్రీమియం పేల్ లాగర్‌లో కాస్త వెన్న వాసనను క్షమిస్తాం. జర్మన్ పిల్స్‌లో క్షమించం. పులియబెట్టిన బిందెలో ఉన్నది ఒకటే బీరు కావచ్చు, సీసా మీద అంటించిన చీటీని బట్టి దాని తలరాత మారిపోతుంది.

అన్ని గడుల్లోనూ చెల్లనివీ ఉన్నాయనుకోండి. తడిసిన అట్టపెట్టె వాసన, అంటే పాతబడి ఆక్సిజన్ తగిలిన బీరు. ఆకుపచ్చ సీసాలోనో తెల్ల సీసాలోనో వెలుతురు తగిలి హాప్స్ చేదు పదార్థాలు విరిగితే వచ్చే స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటి గంధకపు వాసన. అది చిటికెడంతైనా ముక్కు పట్టేస్తుంది. గోధుమరంగు సీసాలో పంపండి అని ప్రతి పోటీ నెత్తీనోరూ కొట్టుకునేది ఇందుకే. సీసా మీద లేబులు, మూత మీద బొమ్మ ఉండకూడదనే నియమం మాత్రం వేరే కారణానికి. ఎవరిదో మాకు తెలియకూడదు.

బల్ల దగ్గర జరిగేది చెబితే కొంచెం నమ్మకం కుదురుతుందేమో. ఒక బల్లకు ఇద్దరు, వీలుంటే ముగ్గురు జడ్జీలు. తాను పోటీకి పంపిన విభాగంలో ఎవరూ జడ్జిగా కూర్చోకూడదు. స్టీవార్డు సీసా తెచ్చి నంబరు చదువుతారు, స్టైల్ చెబుతారు, అంతే. నాలుగు గుటకలకు సరిపడా పోస్తాం. పోయగానే ఆగకుండా ముక్కు దగ్గర పెట్టుకోవాలి. ఎగిరిపోయే వాసనలు మొదటి నిమిషంలోనే కనిపించి మాయమవుతాయి. గంధకం లాంటివి కొన్ని అలా వెళ్ళిపోవడం బీరుకే మంచిది, కానీ ఉన్నట్టు రాసుకోవాలి కదా. కప్పు మీద అరచెయ్యి మూసి, తిప్పి, చెయ్యి తీసి మళ్ళీ చూస్తాం. ముక్కు మొద్దుబారితే నా చొక్కా చెయ్యి వాసన చూసుకుంటాను. మన ఒంటి వాసన మన ముక్కుకు సున్నా లాంటిది, అక్కడి నుంచి మళ్ళీ లెక్క మొదలెట్టొచ్చు. ఆ రోజు సెంటు పూసుకొచ్చిన జడ్జిని బల్ల మొత్తం తిట్టుకుంటుంది. మధ్యలో మంచినీళ్ళు, చప్పటి రొట్టె ముక్క. బీర్లు తేలిక నుంచి బరువుకు వరసగా వస్తాయి.

ఇంత జరిగేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. మొహం కూడా చిట్లించకూడదు. నేను దీన్ని చాలా గట్టిగా పట్టించుకుంటాను. ఒక అనుభవమున్న జడ్జి "ఊఁ..." అని మూలిగితే పక్కనున్న కొత్త మనిషికి లేని వెన్న వాసన కూడా వచ్చేస్తుంది. ఎవరికి వాళ్ళు రాసి, కూడి, అంకె వేశాకే నోరు విప్పాలి. అప్పుడు ఇద్దరి మార్కుల మధ్య 7 కన్నా ఎక్కువ తేడా ఉంటే కూర్చుని మాట్లాడుకుని దగ్గరికి రావాలి.

ఒకసారి జర్మన్ పిల్స్ బల్ల మీద నా పక్కన కూర్చున్నాయన 38 వేశారు, నేను 27. ఇద్దరం ఒకరి షీటు ఒకరం చూసుకుని ఇబ్బందిగా నవ్వుకున్నాం.

"మీకు వెన్న తగల్లేదాండీ?" అన్నాను.

"నాకది పట్టదండీ. ఎంత ఉన్నా తెలీదు," అన్నారాయన.

దాపరికం లేకుండా చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. వెన్న వాసన తెచ్చే డయాసిటైల్ అనే పదార్థానికి కొందరి ముక్కు పుట్టుకతోనే గుడ్డిది. అది నేరం కాదు, కానీ జడ్జికి తన ముక్కు దేనికి గుడ్డిదో తెలిసి ఉండాలి. మళ్ళీ పోయించుకున్నాం. "వాసన వదిలేయండి, మింగాక నాలుక మీద జారుడు చూడండి" అన్నాను. డయాసిటైల్ ఎక్కువుంటే నోట్లో ఒక నూనె పూతలాంటిది మిగులుతుంది. ఆయన కాసేపు ఆగి తల ఊపారు. ఆయన నాకు చూపించింది ఇంకొకటి. వెన్న మీద కోపంలో నేను ఆ బీరు హాప్స్ వాసన ఎంత శుభ్రంగా ఉందో, ఎంత చక్కగా పొడిగా ముగిసిందో సరిగా లెక్కలోకి తీసుకోలేదు. ఆయన 33కు దిగారు, నేను 31కి ఎక్కాను. 32 ఖాయం చేశాం. ఇద్దరూ ఒకేలా ఆలోచించి 32 వేసిన బీరు కన్నా, ఇలా తేలిన 32 మీద నాకు గురి ఎక్కువ.

ఆ షీటు మీద ఏం రాశామన్నది మార్కు కన్నా ముఖ్యం. పంపిన మనిషికి మిగిలేది అదే. డయాసిటైల్ పులిసే దశలో పుడుతుంది, చివర్లో ఈస్టే దాన్ని తిరిగి పీల్చుకుని శుభ్రం చేస్తుంది. ఆ గడువు ఇవ్వకుండా తొందరపడి చల్లార్చేస్తే బీర్లో మిగిలిపోతుంది. కొన్ని బ్యాక్టీరియా వల్ల కూడా రావచ్చు. నాకు ఆ బీరు పంపిన మనిషి పద్ధతి తెలియదు, రెసిపీ తెలియదు. కాబట్టి "మీ సామాను శుభ్రంగా లేదు" అని రాసే హక్కు నాకు లేదు. "మధ్యస్థంగా వెన్న వాసన ఉంది. పులుపు ఏమీ లేదు కాబట్టి, చల్లార్చే ముందు కొన్ని రోజులు కాస్త వెచ్చగా ఉంచి చూడండి" అని రాశాను. కొందరు జడ్జీలు మూడు పదాలు గిలికి వదిలేస్తారు. "స్టైల్‌కు తగ్గట్టు లేదు" అని ఒక్క ముక్క రాసి, ఎందుకు తగ్గట్టు లేదో రాయని షీటు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డబ్బు కట్టి, సీసాలు భద్రంగా చుట్టి పంపిన మనిషికి ఇచ్చే జవాబా అది?

జడ్జి పరీక్షలోనూ ఇదే చూస్తారు. రుచి పరీక్షలో 90 నిమిషాల్లో 6 బీర్లకు పూర్తి షీట్లు రాయాలి. వేసిన మార్కు అనుభవజ్ఞుల మార్కుకు దగ్గరగా ఉండటం అందులో ఐదో వంతు మాత్రమే. మిగతాది ఏం పసిగట్టావు, ఎంత బాగా వర్ణించావు, ఏం సలహా ఇచ్చావు, షీటు నిండా రాశావా అన్నవాటికి.

పండ్లు, మసాలాలు, పొగ, కొయ్య పీపాలు ఉన్న విభాగాల్లోకి వచ్చేసరికి ఎంట్రీ ఫారం ఇంకా కీలకం. అక్కడ ఏం వేశారో, అవి కలిపిన అసలు బీరు ఏ రకమో చెప్పి పంపాలి. చాలామంది రెసిపీలో ఉన్నవన్నీ ఏకరువు పెడతారు. వెనిల్లా, కాఫీ, నారింజ తొక్క, దాల్చిన చెక్క. నేను ఆ నాలుగింటి కోసం వెతుకుతాను. కాఫీ దొరుకుతుంది, వెనిల్లా దొరుకుతుంది, మిగతా రెండూ దొరకవు. చెప్పినవి కనిపించలేదు కాబట్టి మార్కులు పోతాయి. ఆ నారింజ తొక్క ఊసెత్తకుండా ఉంటే బీరు హాయిగా గట్టెక్కేది. తాగితే తెలిసేదే రాయండి. వేసినా తెలియనిది మీ నోటుపుస్తకంలో ఉండనివ్వండి. అలాగే ఏ స్టైల్ అనుకుని మొదలుపెట్టారో మర్చిపోండి. ఇంగ్లీష్ పోర్టర్ చేద్దామని కూర్చుంటే వేపుడు రుచి, చేదు, ఆల్కహాలు అన్నీ పెరిగిపోయాయా? దిగులెందుకు, అమెరికన్ పోర్టర్ గడి ఖాళీగానే ఉంది. ఇది మోసం అనుకునేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. మేం తీర్పు చెప్పేది గ్లాసులో ఉన్నదానికి, మీ సంకల్పానికి కాదు.

ఈ గైడ్‌లైన్స్ వల్ల అందరూ ఒకేలాంటి బీరు చేస్తున్నారు, కొత్తదనం చచ్చిపోతోంది అనే మాట తరచూ వింటాను. నేను సగం కూడా ఒప్పుకోను. మసక ఐపీఏ సంగతే చూడండి. జనం దాని వెంట పడ్డాక కూడా కొంతకాలం పోటీల్లో దానికి సొంత గడి లేదు. మామూలు ఐపీఏ గడిలో పంపితే మసకకు, చేదు తక్కువైనందుకు మార్కులు పోయేవి. 2018లో పెద్ద పోటీలు నడిపే బ్రూవర్స్ అసోసియేషన్ దానికి చోటిచ్చింది, బీజేసీపీ తాత్కాలికంగా చేర్చి 2021 ప్రతిలో ఖాయం చేసింది. బీరు ముందు వచ్చింది, నియమం వెనక పరిగెత్తింది. ఎందులోనూ ఇమడని వాటికి 34వ విభాగంలో ప్రయోగాత్మక బీరు అనే గడి కూడా ఉంది. అక్కడ కూడా "దీన్ని ఏమనుకుని చేశారు?" అని అడుగుతాం, అది వేరే సంగతి.

నాకున్న ఫిర్యాదు మాత్రం ఇంకోటి. నాలుక అలసిపోతుంది. వరసగా పది ఐపీఏలు చూశాక పదకొండోది గట్టిగా అరిస్తేనే వినిపిస్తుంది. స్టైల్ పుస్తకంలో 'మధ్యస్థంగా' అని రాసి ఉన్నచోట కాస్త మించిన బీరే గెలుస్తుంది, మరుసటి ఏడాది పంపేవాళ్ళు దాన్ని చూసి ఇంకాస్త పెంచుతారు. దీనికి గైడ్‌లైన్స్ మందు కాదు. బల్ల మీద తక్కువ బీర్లు పెట్టడమే మందు. నిర్వాహకులకు జడ్జీలు దొరకరు కాబట్టి ఆ మందు అరుదుగా పడుతుంది.

వృత్తిగా బీరు చేసే కంపెనీల పోటీల్లో పద్ధతి వేరు. 1982లో మొదలైన గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లోనూ, 1996లో మొదలైన వరల్డ్ బీర్ కప్‌లోనూ 50 మార్కుల లెక్క ఉండదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఏవి పై రౌండుకు వెళ్ళాలో మాట్లాడుకుని తేలుస్తారు. ఒక విభాగంలో బంగారు పతకానికి తగినది లేదనిపిస్తే ఇవ్వకుండా ఊరుకోవచ్చు కూడా. ఆ ఊరుకునే ధైర్యం నాకు బాగా నచ్చుతుంది.

మన చిన్న పోటీల్లో మార్కులు లేని ఘట్టం ఒక్కటే, చివరి 'బెస్ట్ ఆఫ్ షో'. ఒక్కో విభాగంలో మొదటి బహుమతి వచ్చినవన్నీ ఒకే బల్ల మీదికి వస్తాయి. షీట్లు ఉండవు. ఒక్కొక్కటీ తన స్టైల్‌కు ఎంత న్యాయం చేసిందో పోల్చి, ఒక్కొక్కటే పక్కకు తీసేస్తూ పోవాలి. ఒకసారి చివరికి ఒక మ్యూనిక్ హెలెస్, ఒక ఇంపీరియల్ స్టౌట్ మిగిలాయి. ఒకటి 5 శాతం దగ్గర, దాచుకోవడానికి ఏమీ లేని లేత బంగారు బీరు. ఇంకొకటి 10 శాతం పైమాట, నల్లగా, చాక్లెట్, కాఫీ, ఎండిన పళ్ళు, అన్నీ ఒకదాని వెంట ఒకటి. హెలెస్‌లో చిన్న పొరపాటు జరిగినా దాక్కోవడానికి చోటుండదు, అది ఏ పొరపాటూ లేకుండా వచ్చింది, కాబట్టి దానికే ఇవ్వాలని నేను వాదించాను. మిగతా ఇద్దరూ ఓపిగ్గా విన్నారు. దోషం లేకపోవడం వేరు, మనసులో నిలిచిపోవడం వేరు అన్నారు ఒకరు. మళ్ళీ రెండూ పోయించుకున్నాం. అప్పటికి స్టౌట్ కాస్త వెచ్చబడి ఇంకా విచ్చుకుంది. హెలెస్ వెచ్చబడి కొంచెం చప్పబడింది. రెండుకు ఒకటి ఓట్లతో స్టౌట్ గెలిచింది. హెలెస్‌ని మళ్ళీ చల్లగా పోయించి చూద్దామని నేను అడగబోయేలోపు స్టీవార్డు సీసాలు తీసేశారు.